వసారా చాలదు

పాఠ్యభాగములు: యెషయా 56:3–8, అపొస్తలుల కార్యములు 13:1–3, గలతీయులకు 2:11–14, 1 కొరింథీయులకు 11:17–34
కంఠస్థ వాక్యము: రోమీయులకు 15:7



మన గ్రామ సంఘములలో పట్టణమునకు బిడ్డను పంపని ఇల్లు నేడు అరుదు. ఒకడు తాపీపనికి, ఒకడు కాపలా పనికి, ఒకతె నర్సు చదువుకు హైదరాబాదు బస్సు ఎక్కుచున్నారు. వెళ్లునప్పుడు తల్లి రొట్టెల మూటతో పాటు బైబిలు కూడ సంచిలో పెట్టి, "ఆదివారము మాత్రము గుడి మానకు నాయనా" అని చెప్పి పంపును. ఆ బిడ్డకు ఆ పట్టణపు గుడిలో ఎట్టి స్థలము దొరకును? పట్టణము నుండి మన ఊరి గుడికి వచ్చినవానికి మనమెట్టి స్థలము ఇచ్చుచున్నాము? ఈ నెల పాఠము ఈ రెండు ప్రశ్నలను గూర్చినది.

1. రాతి కమానుల క్రింద

అఫ్జల్‌గంజులో బస్సు దిగి, మూసీనది మీది నయాపూల్ దాటి చార్మినారు వైపు నడచినయెడల త్రోవలో పత్తర్‌గట్టి బజారు వచ్చును. పత్తర్ అనగా ఉర్దూలో రాయి. చెక్కిన రాతితో కట్టిన కమానులు రోడ్డుకు ఇరుప్రక్కల బారులు తీరియుండును. వాటి వెనుక నీడనిచ్చు వసారా. వసారా వెనుక ముత్యములు, అత్తరు, పెండ్లిబట్టలు అమ్ము దుకాణములు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణములు తీసినది. ఆ తరువాత ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దినములలో, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పాతనగరమును చక్కబరచుటకు పూనుకొనెను. ఈ రాతి బజారు ఆ కాలపు కట్టడము.

అనేక సంవత్సరముల క్రిందట పని వెదకుకొనుచు నేను ఆ వీధిన నడచుచుండగా పెద్ద వాన పట్టుకొనెను. కమాను క్రింద వసారాలో నిలిచితిని. నావలె నిలిచినవారు ఇంకను ఇరువదిమంది యుందురు. బురఖా వేసికొన్న తల్లులు, రిక్షా త్రొక్కువాడు, తలపాగా రైతు, చేతిలో బిడ్డతో బిచ్చగత్తె, అందరును ఒకే కప్పు క్రింద. ఎవరును ఎవరిని పొమ్మనలేదు. ఇది ఎంత మంచి చోటు అనుకొంటిని.

అయితే వాన జల్లు వసారాలోనికి కొట్టెను. చలికి నా దవడలు వణకుచుండుట చూచి, అత్తరు దుకాణములోని ముసలి సాహెబుగారు నన్ను చేయి ఊపి పిలిచి, "అందర్ ఆజావ్ బేటా" అనెను. లోపలికి రమ్ము బిడ్డా అని దాని అర్థము. నా కాళ్లకు బురద యున్నదని చెప్పితిని. ఆయన వినక నన్ను తన ప్రక్కనున్న ముక్కాలిపీటమీద కూర్చుండబెట్టి, ఒక కప్పు చాయ్ తెప్పించి, తాను త్రాగు కప్పు వంటి కప్పులోనే నాకు పోయించెను. నా కులమడుగలేదు. నా మతమడుగలేదు. "అన్నము తిన్నావా?" అని మాత్రము అడిగెను.

వసారాకును ఇంటికిని ఉన్న భేదము నాకు ఆ దినమున తెలిసెను. వసారాలో నిలువనిచ్చుట మర్యాద. లోపలికి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుట ప్రేమ.

యెషయా 56వ అధ్యాయము తెరచి చూడుడి. పరదేశులును నపుంసకులును తమకు దేవుని ప్రజలలో పాలు లేదని దుఃఖించుచున్నారు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ప్రకారము నపుంసకుడు సమాజములో చేరకూడదు. అట్టివానికి దేవుడు ఇచ్చు వాగ్దానము ఏమి? తన మందిరములో, తన ప్రాకారములలోపల స్థానమిత్తునని చెప్పుచున్నాడు. ఆవరణము బయట కాదు, లోపల. కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు కూడ ఇచ్చుచున్నాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమున ఐతియొపీయుడైన నపుంసకుడు తన రథముమీద యెషయా గ్రంథము చదువుచు పోవుట యాదృచ్ఛికమా? ఫిలిప్పు అతనిని త్రోవలోనే బాప్తిస్మమిచ్చి లోపలికి చేర్చెను.

2. అంతియొకయ సంఘము

క్రొత్త నిబంధనలో పట్టణ సంఘమునకు మాదిరి అంతియొకయ. సిరియాలోని ఆ మహాపట్టణమున యూదులు, గ్రీసుదేశస్థులు, సిరియావారు కలిసి జీవించిరి. అచ్చటనే శిష్యులకు మొదట క్రైస్తవులను పేరు వచ్చెను. ఆ పేరు అంతకు ముందు యెందుకు రాలేదు? అంతకు ముందు సంఘములో నుండినవారు దాదాపు అందరును యూదులే గనుక ప్రత్యేకమైన పేరుతో పని లేకపోయెను. అన్ని జాతులవారు ఒక్క ఇంట కూడుకొనగా, వీరిని ఏ జాతి పేరుతో పిలువవలెనో ఊరివారికి తోచలేదు.

ఇక 13వ అధ్యాయము మొదటి వచనమున ఆ సంఘపు నాయకుల పేళ్లు చూడుడి. కుప్రకు చెందిన లేవీయుడు బర్నబా. నీగెరను పేరుగల సుమెయోను; నీగెరు అనగా నలుపు. ఆఫ్రికా తీరమునుండి వచ్చిన కురేనీయుడైన లూకియ. చతుర్థాధిపతియైన హేరోదుతో కూడ పెంచబడిన మనయేను. ఒకప్పుడు సంఘమును హింసించిన సౌలు. రాజగృహమున పెరిగినవాడును పరదేశపు నల్లనివాడును ఒకే బల్లమీద కూర్చుండి ఉపవాసముండి ప్రార్థించిరి. అంతియొకయ వీరిని ఆరాధనకు రానిచ్చుటతో ఆగక, నాయకులుగాను చేసికొనెను.

3. పెద్దలు కూర్చుండు బల్ల

ప్రెస్బిటేరియన్ అను మాట మనలో కొందరికి క్రొత్త. గ్రీకు భాషలో ప్రెస్బుటెరోస్ అనగా పెద్ద. సంఘము తనలోనుండి ఏర్పరచుకొన్న పెద్దలు, వాక్యము బోధించు కాపరితో కలిసికూర్చుండి సంఘమును నడుపు పద్ధతికి ఆ పేరు. జెనీవాలో జాన్ కాల్విన్ దీనికి రూపమిచ్చెను. 1560లో స్కాట్లండు దేశము సంస్కరణను అంగీకరించినప్పుడు జాన్ నాక్సు మొదలగువారు దానిని అచ్చట స్థాపించిరి. ఒక్కడే ఏలకూడదు, పదిమంది కూడి ప్రార్థించి నిర్ణయించవలెను అనునది దాని సారము. పౌలు బర్నబాలు ప్రతి సంఘములోను పెద్దలను ఏర్పరచిరని అపొస్తలుల కార్యములు 14:23లో చదువుచున్నాము.

ఈ పద్ధతి మన తెలుగు దేశమునకు పరాయిది కాదు. అమెరికాలోని రిఫార్మ్డ్ సంఘమువారి ఆర్కాటు మిషను మదనపల్లె ప్రాంతమునకు తెచ్చిన సంఘక్రమము ఇట్టిదే. మూసీ వరద వచ్చిన 1908లోనే దక్షిణదేశమున ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘముగా ఏర్పడినవి. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్పు వి. యస్. అజరయ్యగారును ఇతర సంఘముల సేవకులును కూడి, విడిపోయిన సంఘములు ఒకటి కావలెనని పిలుపునిచ్చిరి. ఆ పిలుపు ఫలించుటకు 28 సంవత్సరములు పట్టెను. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. తాము నాటిన చెట్టు నీడను చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘములవారు ఒకటై దక్షిణ ఇండియా సంఘము, అనగా సి. ఎస్. ఐ., ఏర్పడెను. హైదరాబాదులోని సి. ఎస్. ఐ. గుడులు మెదకు అధ్యక్ష మండలములోనివి. వెస్లియన్ మిషనరీలు ఆ మండలమున ఎక్కువగా సేవ చేసినను, మన సేవకులను ప్రెస్బిటరనియు, మన సంఘమంతటికి పెద్దయగు బిషప్పును మాడరేటరనియు పిలుచునప్పుడు ఆ ప్రెస్బిటేరియన్ వాడుకనే పలుకుచున్నాము.

ఇంత మంచి పద్ధతిలోను ఒక లోపము చాలకాలము నిలిచెను. పెద్దలను సంఘమే ఏర్పరచుకొనును అనిరి. అయితే సంఘములో సగము స్త్రీలు. స్కాట్లండు సంఘములో స్త్రీలు పెద్దలగుటకు 1966 వరకును, సేవకులుగా అభిషేకము పొందుటకు 1968 వరకును ఆగవలసివచ్చెను. 1560 నుండి లెక్కించిన 400 సంవత్సరములు దాటినవి! అన్నిటికంటె ముందు గుడికి వచ్చి, అందరికంటె తరువాత వెళ్లి, పిడికెడు బియ్యము కానుకగా తీసిపెట్టిన తల్లులు ఇన్నాళ్లు వసారాలోనే నిలిచిరి. సి. ఎస్. ఐ.లో 2013 సెప్టెంబరు 30న రెవరెండు ఇ. పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషప్పుగా అభిషేకింపబడిరి. మన సంఘమున బిషప్పైన మొదటి స్త్రీ ఒక తెలుగు స్త్రీ. ఇది మనకు సంతోషము. అయితే మీ ఊరి సంఘ కమిటీలో స్త్రీలు ఎందరు? ఉన్నవారు నోరు తెరచి మాట్లాడుచున్నారా, లేక సంతకము మాత్రము పెట్టుచున్నారా?

4. ప్రభువు బల్ల

పూర్వము స్కాట్లండులో ప్రభువు భోజనమునకు పొడుగైన బల్లలు వేసి, భోజనపు పంక్తివలె అందరును కూర్చుండెడివారు. జమీందారు ప్రక్కన పాలేరు కూర్చుండి రొట్టె అందుకొని ప్రక్కవానికి అందించును. ఇది చక్కని ఆచారము. అదే సమయమున పెద్దలు ముందుగా సంఘస్థులను పరీక్షించి, యోగ్యులకు సీసపు బిళ్లలు ఇచ్చెడివారు. బిళ్ల లేనివాడు బల్లయొద్దకు రాకూడదు. పాపమును తేలికగా తీసికొనకూడదను భయము మంచిదే. గాని బిళ్ల చేతిలోనున్న పెద్ద, తానే బల్లకు యజమానుడననుకొనుట సులభము.

బల్లను విడదీసినచో ఏమగునో దక్షిణాఫ్రికా చరిత్ర చెప్పును. అచ్చటి డచ్ రిఫార్మ్డ్ సంఘములో కొందరు తెల్లవారు నల్లవారితో కలిసి ప్రభువు భోజనము తీసికొనలేమనిరి. 1857లో వారి మహాసభ కూడి, అందరును కలిసియుండుటయే వాక్యానుసారమని ఒప్పుకొనుచునే, కొందరి బలహీనతను బట్టి వేరుగా కూడుకొనవచ్చునని అనుమతించెను. బలహీనులకొరకు చేసిన చిన్న సర్దుబాటు! 1881లో వేరు సంఘమే ఏర్పడెను. తరువాతి శతాబ్దములో దేశమంతయు జాతివివక్షను చట్టముగా చేసికొన్నప్పుడు, ఆ సంఘములోని అనేకులు దానిని వాక్యముతో సమర్థించిరి. వేరుచేయబడిన సంఘమువారే 1982లో బెల్హర్ అను చోట ఒక విశ్వాస ప్రకటన వ్రాసి, 1986లో దానిని స్థిరపరచిరి. క్రీస్తు సమాధానపరచినవారిని మనుష్యులు జాతిని బట్టి విడదీయుట సువార్తను త్రోసివేయుటయే అని దాని భావము. మదనపల్లెకు మిషనరీలను పంపిన అమెరికా రిఫార్మ్డ్ సంఘము 2010లోను, అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘము 2016లోను ఆ ప్రకటనను తమ విశ్వాస ప్రమాణములలో చేర్చుకొన్నవి.

అంతియొకయలోను ఇదే శోధన వచ్చెను. పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండి, యెరూషలేమువారు రాగానే భయపడి వెనుకతీసెను. పేతురు వారిని గుడిలోనుండి వెళ్లగొట్టలేదు. వారి విశ్వాసమును తప్పుపట్టలేదు. పంక్తి మాత్రము మార్చెను. దానికే పౌలు అందరియెదుట ఆయనను గద్దించి, ఇది సువార్త సత్యమునకు తగిన నడత కాదనెను.

ఈ విషయమున మన సి. ఎస్. ఐ. ఆరాధన క్రమము మనకొక గొప్ప సహాయము చేసినది. 1950లో ప్రకటింపబడిన ప్రభువు భోజన క్రమములో సమాధానము ఇచ్చుకొనుట అను భాగము చేర్చబడెను. కేరళలోని సిరియను క్రైస్తవుల ప్రాచీన ఆచారమునుండి దీనిని తీసికొనిరి. ఇచ్చువాడు తన కుడి అరచేతిని పుచ్చుకొనువాని కుడి అరచేతికి ఆనించును. ఇద్దరును తమ ఎడమచేతితో ఎదుటివాని చేతిని మూయుదురు. ఇట్లు చేతినుండి చేతికి సమాధానము గుడి అంతయు ప్రాకును. అంటు మైల అని మనిషిని మనిషి తాకని దేశములో, రొట్టె విరుచుటకు ముందు ఒకరినొకరు తాకుడి అని సంఘము నియమించెను. ఇది వట్టి ఆచారమని ఎంచకుడి. చేయి అందించుటకు ఇష్టము లేనివాడు ఆ నిమిషమున తన హృదయమును తాను చూచుకొనును.

5. నా ఒప్పుకోలు

ఇప్పుడు నేను సిగ్గుతో ఒక సంగతి వ్రాయవలెను. పత్తర్‌గట్టిలో వానలో తడిసిన ఆ వారమే నేను పట్టణములోని ఒక గుడికి పోతిని. నా చిరిగిన చొక్కా చూచి వెనుక నిలిచితిని. ఒక పెద్దమ్మగారు తన బల్లమీద జరిగి చోటిచ్చి, కీర్తనల పుస్తకములో సగము నా చేతికిచ్చిరి. ఆరాధన తరువాత పని ఏదైన దొరికినదా అని అడిగి, తమ ఇంటికి తీసికొనిపోయి అన్నము పెట్టిరి. మూడు సంవత్సరములు ఆ గుడి నాకు ఇల్లయ్యెను.

తరువాత నేను మా ఊరికి తిరిగివచ్చి సంఘ పెద్దనైతిని. ఒక ఏడు మిరపకాయల కోతకు పరాయి జిల్లానుండి ఒక కుటుంబము వచ్చెను. వారు విశ్వాసులే. మా పల్లె ఒకటి, వారి పల్లె వేరొకటి. మాల మాదిగ భేదమని మీరు గ్రహింతురు. ఆదివారము వారు గుడికి రాగా మావారు గుమ్మము వెలుపల చాప పరచిరి. ప్రభువు భోజనమప్పుడు అందరి తరువాత, వేరొక గ్లాసులో ద్రాక్షారసము పోసి వారికి పంపిరి. ఆ గ్లాసు పట్టుకొనిపోయినది నేనే. ఊరి పెత్తందార్లు మనలను తమ వసారా ఎక్కనీయలేదని తాతల నాటినుండి ఏడ్చినవారము, మన గుడి ముందు మనము వసారా కట్టితిమి! గ్లాసు అందుకొన్న ఆ తల్లి నా ముఖము చూడలేదు. నాకు సాహెబుగారి చాయ్ కప్పు జ్ఞాపకము వచ్చెను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మరుసటి ఆదివారము నేను ముందుగా పోయి చాపను లోపల పరచి, వారికొరకు ఎదురుచూచితిని. వారు రాలేదు. కోత ముగించి వెళ్లిపోయిరి. పశ్చాత్తాపపడువానికి దేవుడు క్షమాపణ ఇచ్చును, నేను పొందితిని. అయితే ఆ కుటుంబమునొద్ద క్షమాపణ అడుగు సమయము నాకు మరల రాలేదు. మీకు ఆ సమయము ఇంకను ఉన్నది.

6. వారమంతయు సంఘమే

లోపలికి చేర్చుకొనుట ఆదివారముతో ముగియదు. కొరింథులో ఒకడు ఆకలిగొనగా మరియొకడు త్రాగి మత్తుడాయెను. అది ప్రభువు భోజనము కాదని పౌలు చెప్పెను. పట్టణములో సంఘము ఆసుపత్రిలోనున్నవానికి తోడు, బాడుగ గది వెదకువానికి హామీ, చనిపోయిన కూలివానికి సమాధి చోటు. మన గ్రామములలోను ఈ పనులే వేరు రూపమున ఉన్నవి. గ్రుడ్డివాడు గుడి మెట్లు ఎక్కుటకు చేయిపట్టు కఱ్ఱ వేయించితిమా? చెవిటివాని ప్రక్కన ఎవరైన కూర్చుండి వాక్యము చూపించుచున్నారా? హిజ్రాలని మనము పిలుచువారిని 2014లో సుప్రీంకోర్టు మూడవ లింగముగా గుర్తించి వారి హక్కులు ఒప్పుకొన్నది. యెషయా ప్రవక్త నోట దేవుడు అంతకు ఎంతో ముందే వారివంటివారికి ప్రాకారములలోపల చోటు ఇచ్చెను. అట్టివారు మన గుమ్మమునొద్దకు వచ్చిన పిల్లలు నవ్వుదురా, పెద్దలు చోటిత్తురా?

పొరుగువారిని కూడ మరువకూడదు. 1930లో లాహోరులో ఆరంభమై తరువాత హైదరాబాదుకు వచ్చిన హెన్రీ మార్టిన్ సంస్థ, మతకలహములు రేగిన పాతబస్తీలో హిందూ ముస్లిము కుటుంబముల మధ్య సమాధానము కొరకు పని చేసినది. నన్ను లోపలికి పిలిచిన సాహెబుగారి వంటివారితో మన సంఘము స్నేహముగా నుండుట సువార్తకు విరోధము కాదు. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువుకు ఇది తెలియును.

చివరగా, ప్రతి సంఘము చేయగల ఒక పని చెప్పెదను. పౌలు రోమీయులకు 16వ అధ్యాయమున కెంక్రేయ సంఘ పరిచారకురాలగు ఫీబేను పట్టణ సంఘమునకు అప్పగించుచు, ఆమెకు కావలసిన సహాయము చేయుడని వ్రాసెను. మన ఊరినుండి ఎవరైన పట్టణము పోవునప్పుడు కాపరియు పెద్దలును అట్టి పత్రిక ఒకటి వ్రాసి ఇయ్యవలెను. పట్టణములోని సేవకునికి ఫోను చేసి చెప్పవలెను. అట్లే బయటినుండి కోతకో, కట్టుబడికో మన ఊరికి వచ్చినవారిని మొదటి ఆదివారమే పేరు పెట్టి పిలిచి, మన ప్రక్కన కూర్చుండబెట్టవలెను.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గుడిలో ఎవరు ఎక్కడ కూర్చుందురు? ఆ స్థలములను ఎవరు నిర్ణయించిరి?
2. మన సంఘ కమిటీలో స్త్రీలు, యౌవనులు, వేరే పల్లెవారు ఉన్నారా? లేనియెడల కారణమేమి?
3. పేతురు పంక్తి మార్చుట అంత పెద్ద తప్పని పౌలు ఎందుకు ఎంచెను?
4. గత సంవత్సరము మన ఊరినుండి పట్టణము పోయినవారి పేళ్లు చెప్పుడి. వారు నేడు ఏ సంఘములో ఉన్నారు?

ప్రార్థన

ప్రభువా, మేము దూరస్థులమై యుండగా నీవు మమ్మును లోపలికి పిలిచితివి. మా కాళ్ల బురద చూడలేదు. మేము ఇతరులను గుమ్మమునొద్ద నిలిపిన ప్రతిసారి క్షమించుము. పట్టణమున తిరుగు మా బిడ్డలకు నీ ఇంట చోటిమ్ము. మా ఊరికి వచ్చు బిడ్డలకు మా ప్రక్కన చోటిచ్చు మనస్సు మాకిమ్ము. నీ బల్ల నీదేయని మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.